రాయలసీమలో ఫ్యాక్షన్ అయిపోయింది కదా, ఇంకా ఆ బాధ ఎవరికి మిగిలింది?

వేటకొడవళ్లు మూలన పడ్డ మాట నిజమే. అయితే ఈ మాట అనేవాళ్లు సాధారణంగా హత్యకు గురైన పేరున్నవాళ్లనే తలుచుకుంటారు: 1975లో పరిటాల శ్రీరాములు, 2005లో ఆయన కొడుకు రవి, 2011లో రవి ప్రత్యర్థి మద్దెలచెరువు సూరి. 1997లో జూబ్లీహిల్స్‌లో కారు బాంబు పేలినప్పుడు రవి బతికి బయటపడ్డారు. పోయిన 26 మందిలో కెమెరాలు పట్టుకుని వెళ్లిన టీవీ సిబ్బంది కూడా ఉన్నారు. వాళ్లకు ఏ వర్గంతో ఏం పగ?

నాయకుల వారసులకు టికెట్లయినా వస్తాయి. వెంట తిరిగినవాళ్ల ఇళ్ల సంగతి మా మేనమామ ఇంటి నుంచి చెబుతాను. మాది కర్నూలు జిల్లా. పంచాయతీ ఎన్నికల గొడవలో ఆయనను పట్టపగలు నరికారు. ప్రధాన సాక్షి మా అత్తే. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగింది. ఈలోగా పెద్దలకు రాజీ కుదిరింది. కేసులు రెండువైపులా ఉన్నాయి కాబట్టి ఇక్కడి సాక్షులు, అక్కడి సాక్షులు అందరూ అడ్డం తిరగాలి. అదీ ఒప్పందం. వాయిదాకు ముందురోజు రాత్రి మా వర్గం ఆడవాళ్లే వచ్చి అత్త ఇంట్లో కూర్చున్నారు. ఆమె నిజం చెబితే ఒప్పందం చెడి, రెండో కేసులో వాళ్ల మొగుళ్లు జైలుకు పోతారు. మర్నాడు బోనెక్కి, "మొహాలు సరిగా కనబడలేదు" అని చెప్పి వచ్చింది.

వాగు అవతలున్న అత్తవాళ్ల పొలం మరో కథ. చుట్టూ అవతలి వర్గం చేలే. కూలీలు రారు, కౌలుకు అడిగేవారు లేరు. ఏళ్లకేళ్లు బీడు పడి సర్కారు తుమ్మ అల్లుకుంది. రాజీ అయ్యాక జేసీబీ పెట్టి కంప తీయించడానికి చేసిన అప్పు రెండు పంటల వేరుశనగ అమ్మినా తీరలేదు. సీమ వానల సంగతి తెలిసిందే.

నరికినవాళ్లలో ఒకడు ఊళ్లోనే ఉన్నాడు. రేషన్ దుకాణం దగ్గర ఎదురుపడితే "బాగున్నావా వదినా" అని పలకరిస్తాడు. కోర్టు లెక్కలో అతను నిర్దోషి, అందుకు ఆధారం ఆమె సాక్ష్యమే. పోలీసుల లెక్కలో మా ఊరు ప్రశాంతం.

బావను చిన్నప్పుడే బళ్లారిలో బంధువుల ఇంటికి పంపేశారు. కోర్టులో అలా ఎందుకు చెప్పావని తల్లిని ఇప్పటికీ నిలదీస్తాడు. ఊరికి రావడం మానేశాడు. ఓటు మాత్రం ఇక్కడే ఉంది. ఎన్నికలొస్తే బస్సు చార్జీలు ఇస్తామంటూ మా వర్గం నాయకుడి మనుషులే ఫోను చేస్తారు.