అడగండి మాస్టారూ: ఎవరీ బాబీ?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి లండన్‌లో ఓ పోలీసుతో ఫొటో దిగి ‘బాబీతో’ అని రాసి పంపాడు. అతని పేరే బాబీ అనుకున్నాను. కాదట, అక్కడి పోలీసులంతా బాబీలేనట! ఎవరీ బాబీ? – పాఠకురాలు, తెనాలి

జవాబు: రాబర్ట్ పీల్ అమ్మా. మనం సత్యనారాయణని సత్తిబాబు అన్నట్టు, వాళ్లు రాబర్ట్‌ని బాబీ అంటారు. ఆయన హోం మంత్రిగా ఉండగా 1829లో లండన్‌కి ఈ పోలీసు దళం పెట్టాడు. ఎర్ర కోటు తొడిగితే సైన్యం దిగిందని జనం హడలిపోతారని నీలం కోట్లు కుట్టించారు. నెత్తిన పొడుగు టోపీ, దగ్గర ఓ పొట్టి కర్ర. తోటివాళ్లని పిలవడానికి ఈల కూడా లేదు, గిరగిరా తిప్పితే టకటకలాడే చెక్క గిలక ఒకటి. సెప్టెంబరు 29న తొలిసారి వీధుల్లోకి వచ్చారు. ఒకటో నంబరు కానిస్టేబుల్‌ని తాగి ఉన్నాడని అదే రోజు ఇంటికి పంపేశారు.

ప్రశ్న: సార్, గ్రూప్స్‌కి చదువుతున్నాను. పీల్ గొప్ప సంస్కర్త అని ఓ పుస్తకంలో, సొంత పార్టీకి ద్రోహి అని ఇంకోదాంట్లో ఉంది. ఏది రాయాలి? – పాఠకుడు, హన్మకొండ

జవాబు: రెండూ రాయి బాబూ. ఒకే పనికి వచ్చిన పేర్లవి.

నూలు మిల్లు యజమాని కొడుకైనా, పీల్ నడిపింది భూస్వాముల పార్టీని. వాళ్లకి ప్రాణం ధాన్యం చట్టం. 1815 నాటి ఆ చట్టం ప్రకారం స్వదేశీ గోధుమ ధర క్వార్టరుకి (అప్పటి ధాన్యం కొలత) 80 షిల్లింగులు దాటితేగానీ పరాయి గోధుమలు అమ్మకానికి రాకూడదు. తర్వాత సడలించినా సుంకం ఉండనే ఉంది. రొట్టె ప్రియం, భూస్వామికి లాభం. పీల్ కూడా ఏళ్ల తరబడి దాన్ని వెనకేసుకొచ్చినవాడే.

1845లో ఐర్లండ్‌లో బంగాళదుంపకి తెగులు పట్టింది. అక్కడి పేదలకి దుంపే అన్నం. అప్పటికి ప్రధానిగా ఉన్న పీల్, చడీచప్పుడు లేకుండా అమెరికా నుంచి లక్ష పౌండ్ల ఖరీదైన మొక్కజొన్న తెప్పించాడు. రాళ్లలాంటి గింజలు, సరిగ్గా విసరకపోతే కడుపులో నొప్పి. పసుపు రంగు చూసి జనం దానికి ‘పీల్ గంధకం’ అని పేరు పెట్టారు. మొక్కజొన్న గటక తాగిన ఇళ్లవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు, విసరడంలోనే ఉంది అంతా.

1846లో చట్టాన్నే ఎత్తేయించాడు. సొంత ఎంపీల్లో మూడింట రెండొంతుల మంది ఎదురు తిరిగారు. జూన్ 25న ఎగువ సభ ఆ బిల్లుని ఆమోదించింది, అదే రాత్రి దిగువ సభ మరో బిల్లు మీద ఆయన్ని ఓడించింది. నాలుగు రోజుల్లో రాజీనామా. సుంకాలు మెల్లగా 1849 దాకా తగ్గాయి కనుక, ఆకలితో చస్తున్న ఐరిష్ వాళ్లకి ఒరిగింది తక్కువే. ఆ మాట కూడా రాయి.

మాట మార్చడం ఆయనకి కొత్త కాదు. కాథలిక్కులకి హక్కులివ్వకూడదని పట్టుబట్టి ‘ఆరెంజ్ పీల్’ అనిపించుకున్నాడు, ఆరెంజ్ అంటే ఐర్లండ్ ప్రొటెస్టెంట్ల రంగు. 1829లో ఆ హక్కుల బిల్లుని తనే సభలో పెట్టాడు, ఆక్స్‌ఫర్డ్ సీటు పోగొట్టుకున్నాడు. మా బళ్లో ఓ కుర్రాడు పరీక్షలో ‘నారింజ తొక్క దొర’ అని రాశాడు. అర మార్కు ఎక్కువే వేశాను.

ప్రశ్న: ఆదాయపు పన్ను కనిపెట్టిన మహానుభావుడు ఈయనేనా? నా ఫారం 16లో కూడా ఏదో తేడా ఉంది. – పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కనిపెట్టింది అప్పటి ప్రధాని పిట్, 1799లో, ఫ్రాన్స్‌తో యుద్ధానికి. 1816లో తీసేశారు. పీల్ 1842లో మళ్లీ తెచ్చాడు: ఏడాదికి 150 పౌండ్లు దాటిన ఆదాయం మీద పౌండుకి 7 పెన్నీలు, అప్పట్లో పౌండంటే 240 పెన్నీలు కనుక నూటికి మూడు లోపే. మూడేళ్లకే అన్నాడు. ఇప్పటికీ కడుతున్నారు. మన దేశానికి 1860లో దాన్ని తెచ్చిన జేమ్స్ విల్సన్, ధాన్యం చట్టం మీద పోరాడటానికే పత్రిక పెట్టిన మనిషి. ఫారం 16 సంగతి మాత్రం ఆడిటర్ గారిని అడగండి.