దసరాలోపు ‘వేయిపడగలు’ పూర్తవుతుందా?

ప్రశ్న: మేడమ్, నమస్కారం. నకిరేకల్‌లో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు నాది. పదో తరగతి తర్వాత పుస్తకం పట్టిన మనిషిని కాను. డిగ్రీ చదువుతున్న మా బిడ్డ లైబ్రరీ నుంచి ‘వేయిపడగలు’ తెచ్చుకుంది. దాని లావు చూసి నేను నోరెళ్లబెడితే, ‘నీ వల్ల కాదులే నాన్నా’ అంది. దసరాలోపు చదివి చూపిస్తానని నలుగురి ముందు అనేశాను. రాత్రి తిన్నాక పట్టుకుంటే రెండు పేజీలకే కళ్లు మూతలు పడుతున్నాయి. ఊరి పుట్టుక, గుడి, కోట, పాము కల, ఎవరెవరో వస్తున్నారు. అసలు కథ ఎక్కడ మొదలవుతుందో అంతుపట్టడం లేదు. సారాంశం చదివి సరిపెట్టుకోనా? లేక ఏదైనా చిన్న నవల పట్టుకోనా?
– ఒక పాఠకుడు, నకిరేకల్

జవాబు: సారాంశం మాత్రం వద్దండీ. ఆ నవలలో జరిగిన సంగతులకంటే చెప్పిన తీరే గొప్పది. సారాంశంలో మిగలనిది అదే.

విశ్వనాథ సత్యనారాయణ గారు ఈ నవలను 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీ కోసం ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాశారు. 29 రోజుల్లో పూర్తయిందంటారు. బహుమతిని అడివి బాపిరాజు గారి ‘నారాయణరావు’తో పంచుకుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నోటితో చెప్పిన కథ ఇది. కంటితో గబగబా చదివితే ఆ పొడవాటి వాక్యాలు కొరుకుడు పడవు. పైకి చదివితే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో వాక్యమే చెబుతుంది. అర్థం కాని సమాసం కూడా పక్క మాటల సాయంతో సగం తెలిసిపోతుంది.

కాబట్టి రాత్రి పూట ఒంటరిగా కుస్తీ పట్టకండి. సాయంత్రం షాపులో మీ అమ్మాయిని చదవమనండి, మీరు వినండి. రాగి తీగ చుట్లు లెక్కపెట్టేటప్పుడు కాదు సుమా, లెక్క తప్పితే రైతు మోటారు మళ్లీ కాలుతుంది! మోటారు విప్పేటప్పుడు, కాలిన తీగ పీకేటప్పుడు, స్లాట్లు శుభ్రం చేసేటప్పుడు మీ చెవులకు తీరికే కదా. మోటారు కోసం వచ్చి కూర్చున్న రైతులు కూడా వింటే మరీ మంచిది. పొలాల పచ్చదనమే మనిషై తిరుగుతున్నట్టుండే పసిరిక అనే పాత్ర గురించి వాళ్లకు మనందరికంటే బాగా తెలుస్తుంది.

మొదట్లో వచ్చే సుబ్బన్నపేట పుట్టుపూర్వోత్తరాలను గుర్తుపెట్టుకోవాలని తంటాలు పడకండి. అది పరీక్ష కాదు. కథానాయకుడు ధర్మారావు చేయి పట్టుకుంటే చాలు, మిగతా వాళ్లు అతని వెనకే వస్తారు. చర్చలు మరీ సాగినచోట పది పేజీలు దాటేసినా తప్పు లేదు. కావాలంటే తర్వాత వెనక్కి రావచ్చు.

ఇంకో ముఖ్యమైన మాట. ఈ నవల పాత వ్యవస్థ కూలిపోతోందని బాధపడుతుంది. జమీందారు కోట, గుడి, వర్ణధర్మం అన్నీ అందులో భాగమే. మీది దొరల కోటల్లాంటి ఇళ్ల, అంటే గడీల, సంగతులు ఇంటింటా చెప్పుకున్న నల్లగొండ. కోట కూలితే ఎందుకు ఏడవాలని మీకు అనిపించవచ్చు. అనిపించాలి కూడా. ఆ మాట మీ అమ్మాయితో గట్టిగా అనండి, వాదించుకోండి. ఒప్పుకోనివాడు చదవకూడదని ఎక్కడా లేదు. నేను ఒప్పుకోని పేజీలు అందులో చాలా ఉన్నాయి, అయినా మళ్లీ మళ్లీ తీస్తాను.

చిన్న నవల కావాలన్నారు. అది తర్వాత చదవండి: వట్టికోట ఆళ్వారుస్వామి గారి ‘ప్రజల మనిషి’. ఆయనది మీ జిల్లాలోని చెరువు మాదారం. చిన్నప్పుడు ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంట చేస్తూ చదువు నేర్చుకున్నారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ తిరిగి అమ్మారు. దొర పెత్తనం కింద నలిగిన ఊరిని ఆయన చూపిస్తారు. రెండూ వెంట వెంటనే చదివితే ఊరు అన్నది ఎవరికి ఎలా కనిపించిందో మీకే తెలుస్తుంది.

దసరా గడువు సంగతి అంటారా, సంక్రాంతికి జరపండి. మీ అమ్మాయి ఒప్పుకుంటుంది, ఎందుకంటే సగం చదివేది ఆమే. నవలలోని దేవదాసి గిరిక కథ దాకా వచ్చాక మీకేమనిపించిందో నాకు తప్పక రాయండి.