పైకప్పు కారుతోంది, అసోసియేషన్ పలకడం లేదు

ప్రశ్న: కర్నూలు వెంకటరమణ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో మా ఫ్లాట్. 2017లో స్వాధీనం చేసుకున్నాం. పై ఫ్లాటు బాత్రూము కిందికి వచ్చే మా పడకగది సీలింగు మూడేళ్లలో నాలుగుసార్లు తడిసి పెచ్చులూడింది. రెండుసార్లు మా డబ్బుతోనే బాగు చేయించుకున్నాం. పైవాళ్లు ‘పైపు అసోసియేషన్‌ది’ అంటారు. ప్రెసిడెంట్ వాట్సాప్ చూసి ఊరుకుంటారు. మెయింటెనెన్స్ కట్టడం ఆపేయవచ్చా?

జవాబు: ఆపకండి. ఆపిన రోజు నుంచి మీరే బాకీదారు అవుతారు, రేపు కోర్టులో ఎదుటివారు మొదట ఎత్తేది అదే. డబ్బు బ్యాంకు ద్వారా కడుతూ, ‘నా ఫిర్యాదు హక్కుకు భంగం లేకుండా’ అని ఒక ముక్క రాసి పంపండి. తడిసిన చోట లైటో ఫ్యానో ఉంటే ఆ సర్క్యూట్ ఎంసీబీ (కరెంటు బోర్డులోని స్విచ్చు) ఈరోజే దించేయండి.

మీ కేసు గెలుపోటములు ఒక్కదాని మీదే ఉన్నాయి: నీరు ఎక్కడి నుంచి వస్తోంది? సాధారణంగా బాత్రూము ఫ్లోరింగు, నహానీ ట్రాప్ (నేల మీది నీరు బయటికి పోయే జాలీ రంధ్రం), ఆ ఫ్లాటు లోపలి పైపులు ఆ యజమాని బాధ్యత. డక్టులోని (పైపులు దిగే ఖాళీ సందులోని) నిలువు పైపులు, టెర్రస్, బయటి గోడలు 1987 అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం ఉమ్మడివి, కాబట్టి అసోసియేషన్ బాధ్యత. ఇది తేలనంతకాలం ఇద్దరూ ఒకరినొకరు చూపించుకుంటూనే ఉంటారు.

తేల్చడం కష్టం కాదు. ఎండలు మండే మే నెలలోనూ సీలింగు తడిగా ఉందంటే వాన నీరు కాదు. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి ఆ ఫ్లాటుకు దిగే వాల్వు మూయించి చూడండి. చుక్క ఆగితే నీటి సరఫరా పైపులో లోపం ఉండొచ్చు. ఒక్క రాత్రికే తీర్పు చెప్పొద్దు, సన్కెన్ స్లాబులో (పైపుల కోసం బాత్రూము కింద పల్లంగా వేసిన స్లాబులో) నిలిచిన నీరు రెండు మూడు రోజులు కారుతూనే ఉంటుంది. తర్వాత నహానీ ట్రాప్ మూసి, రంగు కలిపిన నీరు అంగుళం ఎత్తున నింపి 24 గంటలు ఉంచాలి. రంగు మీ సీలింగులో దిగితే ఫ్లోరు వాటర్‌ప్రూఫింగు పోయినట్టు. నిలిచినప్పుడు దిగక, ట్రాప్ తెరిచి వదిలినప్పుడే దిగితే డ్రైనేజీ పైపు. ఇదంతా సివిల్ ఇంజినీరు సమక్షంలో చేయించి, తేదీతో సంతకం చేసిన రిపోర్టు తీసుకోండి. పైవాళ్లు లోపలికి రానివ్వకపోతే ఆ నిరాకరణనూ లిఖితంగా నమోదు చేయండి.

ఇక వాట్సాప్ చాలు అనుకోవద్దు. పై ఫ్లాటు యజమానికీ, అసోసియేషన్ సెక్రటరీకీ విడివిడిగా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. తడిసిన తేదీలు, రిపోర్టు నకలు, రెండు కొటేషన్లు, పాత బిల్లులు జతచేసి, 15 రోజుల గడువు ఇవ్వండి. డెలివరీ అయినట్టు ట్రాకింగ్ ప్రింటు దాచండి. ఫోన్ ఫొటోలు తీసేయకండి. వాటిని సాక్ష్యంగా పెట్టాలంటే 2023 సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అసలు ఫోను ఉంటే పని సులువు.

గడువు దాటాక కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కేసుకు ముందే దరఖాస్తు ఇవ్వండి. కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరితే లోక్ అదాలత్ అవార్డుకు డిక్రీ బలం, దానిపై అప్పీలు లేదు. ఎదుటివారు రాకపోతే అవార్డు రాదు, అంతే.

అసోసియేషన్ దేని కింద నమోదైందో ముందే చూసుకోండి. 2001 సొసైటీల చట్టమైతే సెక్షన్ 23 కింద జిల్లా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు. 1995 మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార సంఘాల) చట్టమైతే దారి వేరు. పై ఫ్లాటు యజమాని మీద మాత్రం సివిల్ కోర్టులో మాండేటరీ ఇంజంక్షన్ (మరమ్మతు చేయాలన్న ఆదేశం), నష్టపరిహారం కోరాలి. ప్రతి లీకేజీ కొత్త నష్టమే కాబట్టి కాలదోషానికి (దావా గడువు దాటిపోవడానికి) భయపడక్కర్లేదు, కానీ మూడేళ్లకు ముందటి ఖర్చు రాబట్టడం కష్టం. బిల్డరును రెరాకు (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థకు) లాగలేరు. లోపాల బాధ్యత స్వాధీనం నుంచి 5 ఏళ్లే.

దావాతోపాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వకేట్ కమిషనర్‌ను (చూసి రమ్మని కోర్టు పంపే లాయరును) అడగండి. ఆయన ఇంజినీరుతో వచ్చి చూసి ఇచ్చే రిపోర్టుకు మీ ఫొటోల కంటే బరువు ఎక్కువ. ఆయన వచ్చి వెళ్లేదాకా పెయింటరును పిలవకండి, ఊడిపడిన పెచ్చులు పారేయకండి.