తిమింగల సొరా, సొర తిమింగలమా?

సందేహం: లోతు సముద్రంలోని సొరచేపల గురించి, ఇతర వింత జీవుల గురించి పిల్లలకు పాఠం రాస్తున్నాను. ‘వేల్ షార్క్’ను ఒకచోట ‘సొర తిమింగలం’ అనీ, మరోచోట ‘తిమింగల సొర’ అనీ రాశారు. ఏది సరైనది? ‘సొరచేప’ అనడం పునరుక్తి కాదా? సొర ‘ఈనింది’ అనవచ్చా?

సమాధానం: ‘తిమింగల సొర’ అనే రాయండి. ఇలాంటి పేర్లలో జాతిని చెప్పేది చివరి మాట. ముందున్నది దాని విశేషణం. తీరప్రాంతంలో బాలింతలకు వండిపెట్టే చేపను మత్స్యకారులు ‘పాలసొర’ అంటారు. ‘సొర’ చివర ఉంది కాబట్టే అది సొరల్లో ఒక రకమని తెలుస్తుంది. ‘సొర తిమింగలం’ అంటే అది తిమింగలమే అయిపోతుంది. కానీ వేల్ షార్క్ మొప్పలతో శ్వాసించే చేప, అదీ ప్రపంచంలోకెల్లా పెద్ద చేప. తిమింగలం పిల్లలకు పాలిచ్చే జంతువు. ఊపిరి పీల్చుకోవడానికి నీటిపైకి రాక తప్పదు. తోకలు చూసినా తేడా తెలుస్తుంది. సొర తోక నిలువుగా ఉండి పక్కలకు ఆడుతుంది. తిమింగలం తోక అడ్డంగా ఉండి పైకీ కిందికీ ఆడుతుంది. తిమింగల సొర ఎక్కువగా పైనీళ్లలోనే తిరిగినా 1,900 మీటర్లకు మించి దిగినట్టు నమోదైంది. అందువల్ల మీ పాఠంలో దానికి చోటు ఉండవలసిందే.

సంస్కృతంలో ‘తిమి’ అంటే ఒక మహామత్స్యం. దాన్ని మింగేది తిమింగిలం. అందుకే పాత కావ్యాల్లో ఆ మాట పెద్ద చేపను సూచించినా తప్పు పట్టలేం. నేటి వాడుకలో మాత్రం దాని అర్థం స్థిరపడింది. పాఠ్యపుస్తకంలో దాన్ని కదిలించకూడదు.

‘సొరచేప’ పునరుక్తి కాదు. ‘సొర’ అనగానే చాలా ప్రాంతాల్లో ముందు కూరగాయ గుర్తుకొస్తుంది. తమిళంలో చేప ‘సుఱా’, కాయ ‘సురై’. రకారమే తేడా చూపుతుంది. మన వాడుకలో బండి ఱ లేదు కాబట్టి ‘చేప’, ‘కాయ’ అనే మాటలు ఆ పని చేస్తున్నాయి. సముద్రం గురించే రాస్తున్నామని తెలిశాక ‘సొర’ అంటే చాలు.

మిగతా పేర్లకూ ఇదే పద్ధతి: గ్రీన్‌లాండ్ సొర, గోబ్లిన్ సొర. మొప్పల అంచులు కుచ్చుల్లా ఉండే ‘ఫ్రిల్డ్ షార్క్’ను ‘కుచ్చుల సొర’ అంటే పిల్లలకు రూపం కళ్లకు కడుతుంది. గోబ్లిన్‌ను ‘దెయ్యపు సొర’ అనడం నాకు సమ్మతం కాదు. ‘ఘోస్ట్ షార్క్’ అని పిలిచే చేపలు వేరే ఉన్నాయి, రెండూ కలిసిపోతాయి. పైగా జపాను వారు దాన్ని తమ కథల్లోని పొడుగుముక్కు ‘తెంగు’ పేరుతో పిలుస్తారు. కత్తి అలుగులా ముందుకు పొడుచుకొచ్చిన చదునైన ముక్కు, దాని కింద వేట కనబడగానే విసురుగా ముందుకు సాగే దవడలు ఆ చేప ప్రత్యేకత. పేరు మార్చదలిస్తే ‘పొడుగుముక్కు సొర’ అనండి. ‘జెల్లీచేప’, ‘నక్షత్రచేప’ మాత్రం రాయకండి. అవి చేపలే కావు. జెల్లీ, సముద్ర నక్షత్రం అంటే సరిపోతుంది.

ఇక ‘ఈనడం’. ఆవు, గేదె, మేక ఈనుతాయి. వరి కూడా ఈనుతుంది. చేపకు ఆ క్రియ వాడుకలో లేదు. అలాగని అన్ని సొరలూ ‘గుడ్లు పెట్టాయి’ అనడమూ కుదరదు. కుచ్చుల సొర కడుపులోనే గుడ్లు చిట్లి, పిల్లలే బయటికి వస్తాయి. ఆ గర్భం మూడున్నరేళ్ల దాకా సాగవచ్చని అంచనా. ఇక్కడ పిల్లికీ కుక్కకూ వాడే ‘పిల్లలను పెట్టింది’ చక్కగా అమరుతుంది. గ్రీన్‌లాండ్ సొరకూ అదే క్రియ వాడండి. 2016లో వెలువడిన పరిశోధన ప్రకారం దానికి పిల్లలను పెట్టే వయసు రావడానికే సుమారు 150 ఏళ్లు పడుతుంది. తోలుసంచి వంటి గుడ్లను సముద్రపు నాచుకు చుట్టుకునేలా విడిచే చిన్న సొరలు కొన్ని ఉన్నాయి. ‘గుడ్లు పెట్టింది’ అన్న మాటను వాటికి ఉంచండి.