మిల్లర్ కాడి ఐదు లీటర్ల డబ్బా

హన్మకొండ

బిడ్డా,

ఫోన్ల చెప్తే సగం నీకు వినపడది, సగం నేను మర్చిపోత. అందుకే రాస్తున్న. ఒకే కాంక్రీటు మాలుతోని ఒకే రోజు పోసిన క్యూబులల్ల (బలం చూడనీకే నొక్కి పగలగొట్టే దిమ్మలల్ల), తొట్టిల నుంచి తీసి తడిమీద నొక్కినయి తక్కువ లోడుకు పగిలినయ్, బయట ఆరినయి ఎక్కువ పట్టినయ్, ఏది నిజం పెద్దబాపూ అన్నవ్. రెండూ నిజమే. కాని రిపోర్టుల తడిదే రాయి. క్యూబులు ఎట్ల నొక్కాల్నో చెప్పే ఐఎస్ 516 నియమం గూడ తొట్టిలకెళ్లి తీయంగనే తడి ఆరకముందే నొక్కుమంటది. ఆరిన క్యూబు పది శాతం దాక ఎక్కువ చూపిస్తది. దాన్ని చూసి కాంట్రాక్టరు సంబురపడుతడు, నువ్వు పడకు.

కాంక్రీటులకెళ్లి ఆరిపోయిన నీళ్లది ఒక కథ, మిగిలిన నీళ్లది ఇంకో కథ.

ముందు పోయినయి. సిమెంటు తనల కలుపుకునేది తన బరువుల నాలుగో వంతు నీళ్లే. ఇంకొన్ని దాని సన్నటి సందులల్ల ఇరుక్కుంటయ్. అంతా కలిపితే 50 కిలోల బస్తాకు 20 లీటర్ల లెక్క. మీ మిక్సుల నీళ్లు-సిమెంటు లెక్క 0.5, అంటే బస్తాకు 25 లీటర్లు. ఆ పైవి మాలు జారనీకే. ఆరినంక అవి ఉన్న జాగల బొక్కలు మిగులుతయ్. బలం ఈ నీళ్ల లెక్కను బట్టే ఉంటదని 1918లనే అమెరికాల డఫ్ అబ్రమ్స్ చెప్పిండు. మాలు కలిపే మిల్లర్ కాడ పిలగాడు "గట్టిగున్నది మేడం" అని ఒక్క ఐదు లీటర్ల డబ్బా ఎక్కువ పోస్తే 0.6 అయితది, సుమారు ఐదో వంతు బలం పోతది. ఎవ్వలకూ కనపడది.

ఇసుకల నీళ్లు గూడ మర్చిపోకు. బస్తాకు 80 కిలోల ఇసుక పడితే, అండ్ల ఐదు శాతం తడి ఉన్నా నాలుగు లీటర్లు అప్పటికే లోపల ఉన్నట్టే. పొద్దుగాల ఒక కిలో ఇసుక తూకమేసి, పెనం మీద ఏంచి, మళ్ల తూకమెయ్యి. కిలోకు ఎంత తగ్గిందో చూసి, ఇసుకంతటికి లెక్కగట్టి అంత నీళ్లల్ల కోసెయ్యి. పది నిమిషాల పని. నన్నైతే మేస్త్రీలు "సారు ఇసుక వంట చేస్తుండు" అని నవ్వేటోళ్లు.

ఇంక గాలి. మాలును అదిలించి గాలి తీసే వైబ్రేటర్ సరిగ్గ పెట్టక ఐదు శాతం గాలి మిగిలితే 30 శాతం దాక బలం పోతది. ఒకసారి ఒక ట్యాంకు పిల్లర్లు రాత్రిపూట పోసినం. నిద్రమబ్బుల నేనే డబ్బా నీళ్లకు "పోసెయ్ తియ్" అన్న. సెంట్రింగ్ ఇప్పితే పిల్లర్ల మొదట్ల కంకర తేలి తేనెతుట్టె లెక్క ఉన్నది. మూడు పిల్లర్లు కొట్టేసి మళ్ల పోసినం. ఆ పైసలు నా జీతంలకెళ్లి పోలేదు గని ముఖం మాత్రం పోయింది.

రామప్పకు పోయినప్పుడు నీళ్ల మీద తేలే ఇటుక సంగతి విన్నవు గద. లోపలంత బొక్కలే, అందుకే తేలుతది. అసుంటిది వాళ్లు గోపురంల పెట్టిన్రు. బరువు మోసే స్తంభాలకు నల్లరాయి పెట్టిన్రు.

ఇప్పుడు మిగిలిన నీళ్లు. లోడు బలంల మూడో వంతు దాటేదాక కాంక్రీటు చప్పుడు చెయ్యది. దాటినంక కంకరకు, మాలుకు నడుమ సన్న పగుళ్లు పెరుగుతయ్. ముప్పావు దాటినంక అవి ఒకదాన్నొకటి కలుసుకుంటయ్. 80 శాతం లోడు అట్లనే ఉంచితే, ఇయ్యాల నిలబడ్డది గూడ కొన్నాళ్లకు పగలొచ్చు. బొక్కలల్ల నీళ్లుంటే సిమెంటు రేణువుల పట్టు ఇంక సడలుతది.

ఫ్రాన్స్‌ల గ్రెనోబుల్ ల్యాబుల కాంక్రీటును నాలుగు దిక్కుల నుంచి వందల మెగాపాస్కల్స్ ఒత్తిడితోని నొక్కి చూసిన్రు. ఎండిందైతే బొక్కలు కూలి, దగ్గరకొచ్చి, నొక్కినకొద్దీ బలమైతది. తడిదానికి ఆ వీలు లేదు. నీళ్లు అణగవు, ఆ నొక్కుడును నీళ్లే పట్టుకుంటయ్, కొంత దూరం పోయినంక బలం పెరగది. అంత నొక్కుడుల మనం కొట్లాడే నీళ్లు-సిమెంటు లెక్క అసలు పనికే రాదు, లోపల తడి ఎంతున్నదన్నదే ముచ్చట. మీ పిల్లర్లకు అంత రాదు, భయపడకు. కాని మందం ఎక్కువున్న కాంక్రీటు పైన ఎండినట్టు కనపడ్డా నడుమల ఏండ్లకేండ్లు తడిగనే ఉంటది. పేలుడు దెబ్బ తగిలే కట్టడాలు లెక్కగట్టేటోళ్లు దాన్ని చూడక తప్పది.

గట్లయితే క్యూరింగ్ నీళ్లెందుకు అని అడుగుతవ్. అవి వేరే. గట్టిపడినంక పెట్టిన నీళ్లతోని సిమెంటు ఇంక పెరిగి బొక్కలను పూడుస్తది. రామగుండం ఎండల, పీపీసీ (బూడిద అసుంటిది కలిపిన) సిమెంటుకు, 14 రోజులు గోనె సంచులు తడి ఆరనియ్యకు. కాంక్రీటు పనుల నియమం ఐఎస్ 456ల గదే ఉన్నది. పొద్దుగాల పైపు కొట్టి పోతే పదకొండు గంటలకే పిల్లర్ తెల్లబడతది.

ఇంకొకటి, క్యూబు నొక్కేముందు తూకమెయ్యి. 150 మిల్లీమీటర్లది ఎనిమిది కిలోల పైన ఉండాలె. తక్కువుంటే లోపల గాలున్నట్టే. 28 రోజులయి నొక్కిన నాడు తూకం, లోడు రెండూ రాసి పంపు.

మీ పెద్దబాపు