అనంతపురంలో కొత్తిల్లు కట్టుకున్నాం. వాషింగ్ మెషీన్‌తో పాటు డ్రయ్యర్ కూడా కొనాలా?

డ్రయ్యర్ వద్దండి. మన జిల్లాలో ఏడాదంతా కలిపి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. మిద్దె మీద దండెం కడితే ఎండాకాలంలో జీన్స్ ప్యాంటు కూడా మధ్యాహ్నానికల్లా అప్పడంలా అవుతుంది. రంగుబట్టలు మాత్రం తిరగేసి ఆరేయండి, వెలిసిపోతాయి.

అసలు చూసుకోవాల్సింది నీళ్లు. మా బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున సున్నంలా తెల్లటి పొర కడుతుంది. కాల్షియం, మెగ్నీషియం లవణాల మహిమ! ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో హీటర్ ఉంటుంది కదా, దానికీ అదే పొర. మాది రెండేళ్లకే మార్చాల్సి వచ్చింది. బోరే దిక్కయితే హీటర్ లేని టాప్ లోడ్ తీసుకోండి. ఫ్రంట్ లోడే కావాలంటారా, చన్నీళ్లతో ఉతుక్కోండి. నెలకోసారి నిమ్మ ఉప్పు వేసి, బట్టల్లేకుండా వేడినీళ్లలో తిప్పండి.

ట్యాంకు ఎత్తు కూడా చూడండి. మెషీన్‌కు 0.3 బార్ ప్రెషర్ కావాలని రాసుంటే, కొళాయికి 3 మీటర్ల పైన నీళ్లుండాలి. మెషీన్ పై అంతస్తులో పెడితే చాలాసార్లు ట్యాంకుకు ఇంత ఎత్తు ఉండదు.

నలుగురికి 7 కిలోలది సరిపోతుంది, దుప్పట్లు కూడా వేసేట్టయితే 8.