అమ్మ మెసేజ్‌లకు తాళం పడింది

"వాట్సాప్ లాంటి మెసేజింగ్‌ను మన సొంత సర్వర్ మీద నడుపుకునే మ్యాట్రిక్స్ ఉంది కదా, ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటర్ మీద ఆ సర్వర్ పెట్టి, మావాళ్లలో చాలామందిని అందులోకి తెచ్చాను. మొన్న అమ్మకు కొత్త ఫోన్ కొన్నాం. పాత మెసేజ్‌లు ఒక్కటీ తెరుచుకోవడం లేదు. సర్వర్ నాదే కదా, అందులోంచి తీయొచ్చా? పిన్నిని కూడా ఇందులోకి తేవాలనుకుంటున్నాను." పలాస నుంచి ఒక పాఠకుడు

తీయలేరు. సర్వర్‌లో ఉన్నవి తాళం వేసిన మెసేజ్‌లే, తాళాలు ఫోన్‌లో ఉంటాయి. వాటికి బ్యాకప్ పెట్టుకున్నా, దాన్ని విప్పడానికి రికవరీ కీ, అంటే యాప్ ఇచ్చే పొడవాటి రహస్య కోడ్, కావాలి. పాత ఫోన్ ఇంకా ఇంట్లో ఉంటే రీసెట్ చేయకండి, యాప్ తీసేయకండి. అందులో లాగిన్ అలాగే ఉంటే అక్కడి నుంచి కొత్త ఫోన్‌ను వెరిఫై చేయండి. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి, రికవరీ కీ కూడా లేకపోతే ఆ మెసేజ్‌ల మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది, నాకు కోపమూ వస్తోంది. అన్నిటికన్నా ముఖ్యమైన కీని చూపించే తెర మీద 'తర్వాత' అని బటన్ పెడితే ఏ అమ్మయినా అదే నొక్కుతుంది. యాప్ చేసినవాళ్లకు ఆమాత్రం తెలియదా? పక్కన కూర్చుని ఇన్‌స్టాల్ చేసిన మీకైనా తెలియాలి.

అయితే నా అసలు టెన్షన్ మీ సర్వర్ గురించి. మెసేజ్ లోపలి మాట కనిపించకపోయినా ఎవరు, ఎవరితో, ఏ వేళ మాట్లాడారో దానికి తెలుసు. గ్రూపు పేర్లకు ఆ తాళం (ఎన్‌క్రిప్షన్) ఉండదు. ఎవరైనా ఖాతా తెరుచుకునే వీలు వదిలేశారా? అప్‌డేట్లు నెలల తరబడి ఆపేశారా? అయితే మీ చుట్టాల వివరాలన్నీ వీధిలో పెట్టినట్టే. రిజిస్ట్రేషన్ ఈరోజే మూసేయండి.

ఇంకొకటి, మీది పలాస. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడే కదా, పనికోసం దూరం వెళ్లినవాళ్లు ఇంటి కబురు కోసం అల్లాడేది! ఆ సమయంలో మీ ఇంట్లో కంప్యూటర్ ఆగితే హైదరాబాద్‌లో ఉన్న అన్నదమ్ములు కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేరు. ఖాతాలన్నీ మీ సర్వర్ మీదే ఉన్నాయి, వాటిని ఉన్నపళంగా వేరే సర్వర్‌కు మార్చుకునే వీలు మ్యాట్రిక్స్‌లో లేదు. అందుకే ముందుగానే మీ సర్వర్‌నే మొత్తంగా వేరే ఊళ్లో నడిచే అద్దె కంప్యూటర్ మీదికి మార్చండి, డేటాబేస్ కాపీ ఇంకోచోట ఉంచండి. అంతవరకు మ్యాట్రిక్స్‌కు ముందు వాడిన మెసేజింగ్ యాప్‌ను ఎవరి ఫోన్‌లోంచీ తీయించకండి.

ఒకే కంపెనీ చేతిలో మన కబుర్లన్నీ ఉండకూడదన్న మీ ఆలోచన నాకు నిజంగా నచ్చింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. అమ్మకు కొత్త రికవరీ కీ తీసి, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, పట్టాదారు పాసుపుస్తకం దాచే చోటే పెట్టించండి. పిన్ని సంగతి ఆ తర్వాత చూడొచ్చు.